అమెరికాలో డాక్టరు చీటీ లేకుండా దొరికే గర్భనిరోధక మాత్రలు: కొత్తగా వచ్చినవాళ్ళు తెలుసుకోవాల్సినవి

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మెడికల్ షాపుకెళ్ళి మాలా-డి అన్నా, ఐ-పిల్ అన్నా మారు మాట లేకుండా కౌంటరు మీద పెడతారు. ఇక్కడ అలా కాదని చాలామందికి ఇండియా నుంచి తెచ్చుకున్న ఆఖరి స్ట్రిప్పు అయిపోవచ్చినప్పుడుగానీ తెలియదు. మాలా-డి రకం మాత్రకు అమెరికాలో ప్రిస్క్రిప్షన్ కావాలి. ఐ-పిల్ రకానికి అక్కర్లేదు. 2024 మార్చి నుంచి ఒక రోజువారీ మాత్రను కూడా చీటీ లేకుండా అమ్ముతున్నారు. కానీ అది మాలా-డి లాంటిది కాదు, వాడే పద్ధతి వేరు. ఈ తేడా తెలియకే చిక్కుల్లో పడుతున్నారు.

అందుకని ముందు మీ స్ట్రిప్పు వెనక్కి తిప్పి, బ్రాండు పేరు కింద సన్నక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. మన బ్రాండు పేర్లు ఇక్కడి డాక్టర్లకు తెలియవు. ‘ఇథినైల్ ఎస్ట్రడయాల్’ అని ఉంటే అది ఈస్ట్రోజెన్ కలిసిన మాత్ర. మాలా-డి, ఓవ్రాల్-ఎల్, నోవెలాన్ అన్నీ ఈ కోవలోవే. ‘లెవోనార్జెస్ట్రెల్ 1.5 మి.గ్రా.’ అని ఒక్కటే మాత్ర ఉంటే అది ఎమర్జెన్సీ పిల్. ఐ-పిల్, అన్‌వాంటెడ్-72 రెండూ అదే.

ఎమర్జెన్సీ మాత్ర ఇక్కడ ప్లాన్ బి వన్-స్టెప్ పేరుతోనూ, ఇంకా చాలా పేర్లతోనూ దొరుకుతుంది. మందు అదే, మోతాదూ అదే. 1999లో చీటీ మీద మొదలై, 2006లో పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళకు చీటీ లేకుండా ఇవ్వడం మొదలుపెట్టారు. 2013లో న్యూయార్క్ ఫెడరల్ జడ్జి ఎడ్వర్డ్ కోర్మన్ తీర్పు ఇచ్చాక, అదే ఏడాది జూన్‌లో మందులకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ వయసు షరతు ఎత్తేసింది. ఇప్పుడు యాభై రాష్ట్రాల్లోనూ ఎవరైనా కొనుక్కోవచ్చు. ఐడీ చూపించనక్కర్లేదు, పెళ్ళయిందా అన్న ప్రశ్నే లేదు, వీసాతో పని లేదు. భర్తగానీ స్నేహితుడుగానీ వెళ్ళి తెచ్చినా అభ్యంతరం ఉండదు. కొన్ని దుకాణాల్లో కొత్త సిబ్బంది పాత అలవాటు కొద్దీ ఐడీ అడుగుతారు. రూలు మారిందని చెప్పి మేనేజరును పిలవమనండి.

సీవీఎస్, వాల్‌గ్రీన్స్, వాల్‌మార్ట్, టార్గెట్‌లలో ‘ఫ్యామిలీ ప్లానింగ్’ అని రాసి ఉన్న వరసలో, కండోమ్‌ల పక్కన ఉంటుంది. చాలాచోట్ల తాళమేసిన ప్లాస్టిక్ పెట్టెలో పెడతారు. అది దొంగతనాల భయంతో వేసిన తాళం, చట్టం పెట్టిన అడ్డు కాదు. పెట్టె తీసుకెళ్ళి బిల్లు దగ్గర ఇస్తే తీసిస్తారు. ఇంకో సంగతి: రాత్రి ఫార్మసీ కౌంటరు మూసేసినా ముందు భాగం తెరిచి ఉంటే ఈ మాత్ర కొనొచ్చు. షట్టరు చూసి రేపు వద్దామని వెనక్కి వచ్చేయకండి, ఇక్కడ ప్రతి గంటా లెక్కే. ప్లాన్ బి సుమారు 50 డాలర్లుంటుంది. పక్కనే ఉన్న జనరిక్ చాలా తక్కువకు వస్తుంది, పని ఒకటే చేస్తుంది. చాలా యూనివర్సిటీల హెల్త్ సెంటర్లలో ఇంకా చవక.

72 గంటల లోపల వేసుకోవాలి, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. అది అండం విడుదలను వాయిదా వేసి పనిచేస్తుంది. అండం అప్పటికే విడుదలైపోయి ఉంటే ప్రయోజనం ఉండదు. రెండు గంటల్లోపు వాంతి అయితే మళ్ళీ వేసుకోవాలేమో ఫార్మసిస్టును అడగండి. బరువు ఎక్కువగా ఉన్నవాళ్ళలో, ముఖ్యంగా బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) 30 దాటితే, దీని బలం తగ్గుతుంది. వాళ్ళకు ఐదు రోజుల్లోపు కాపర్-టి వేయించుకోవడమో, ‘ఎల్లా’ అనే యులిప్రిస్టల్ 30 మి.గ్రా. మాత్రో మేలు. అయితే ఎల్లాకు ఇక్కడ ప్రిస్క్రిప్షన్ తప్పనిసరి. నెలసరి అనుకున్న తేదీకి వారం దాటినా రాకపోతే పరీక్ష చేసుకోండి.

ఇండియా నుంచి వచ్చిన విద్యార్థులకు ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట ఒకటుంది. చాలా యూనివర్సిటీలు చేరగానే టీబీ పరీక్ష చేయిస్తాయి. జబ్బు లేకపోయినా శరీరంలో టీబీ క్రిమి నిద్రాణంగా ఉందని తేలితే నాలుగు నెలలు రిఫాంపిన్ ఇస్తారు, లేదా ఐసోనయజిడ్‌తో కలిపి వారానికోసారి చొప్పున పన్నెండు వారాలు రిఫాపెంటిన్ ఇస్తారు. రిఫాంపిన్, రిఫాపెంటిన్ రెండూ హార్మోన్ మాత్రలను శరీరంలో త్వరగా కరిగించేస్తాయి. రోజువారీ మాత్రకూ బలం తగ్గుతుంది, ఎమర్జెన్సీ మాత్రకూ తగ్గుతుంది. కోర్సు ముగిశాక కూడా నాలుగు వారాల దాకా ఆ ప్రభావం ఉంటుంది. కార్బమజెపిన్, ఫెనిటాయిన్ లాంటి మూర్ఛ మందులదీ అదే కథ. టీబీ క్లినిక్‌లో అడగడానికి మొహమాటపడి ఊరుకుంటే నష్టపోయేది మీరే. ‘గర్భనిరోధక మాత్ర వాడుతున్నాను’ అని ఆ నర్సుతో మొదటి రోజే చెప్పండి. కండోమ్, కాపర్-టి మీద ఈ మందుల ప్రభావం ఉండదు.

ఇక రోజువారీ మాత్ర. దాని పేరు ఓపిల్. అందులో నార్జెస్ట్రెల్ 0.075 మి.గ్రా. మాత్రమే ఉంటుంది, ఈస్ట్రోజెన్ ఉండదు. 1973లోనే ప్రిస్క్రిప్షన్ మీద వచ్చిన మందు ఇది. 2023 మేలో ఎఫ్‌డీఏ నిపుణుల సంఘం 17-0 ఓట్లతో చీటీ లేకుండా ఇవ్వొచ్చని చెప్పింది, జూలైలో అనుమతి వచ్చింది. కంపెనీ చెప్పిన ధర నెలకు 20 డాలర్లు, మూడు నెలల ప్యాకు 50 డాలర్లు. దీనికీ వయసు షరతు లేదు.

మాలా-డికి అలవాటుపడినవాళ్ళు ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. మాలా-డి స్ట్రిప్పులో 21 తెల్ల మాత్రలు, 7 ఐరన్ మాత్రలు ఉంటాయి. ఆ ఏడు మానేసినా రక్షణకు లోటు రాదు. ఓపిల్‌లో 28కి 28 మాత్రల్లోనూ మందు ఉంటుంది. ‘ఆఖరి వారం ఎలాగూ ఐరనే కదా’ అని ఆపేస్తే గర్భం రావచ్చు. ఒక ప్యాకు అయిపోయిన మర్నాడే ఇంకోటి మొదలుపెట్టాలి, మధ్యలో విరామం లేదు. రెండోది సమయం. రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. మూడు గంటలు ఆలస్యమైతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, తర్వాతిది మామూలు వేళకే వేసుకుంటూ, 48 గంటల పాటు కండోమ్ వాడాలి. వేసుకున్న నాలుగు గంటల్లోపు వాంతి అయినా, విపరీతంగా విరేచనాలు పట్టుకున్నా అంతే. మొదటిసారి మొదలుపెట్టినప్పుడు కూడా 48 గంటలు కండోమ్ తప్పదు.

సెలవులకు ఇండియా వెళ్ళేటప్పుడు ఈ మూడు గంటల లెక్క తప్పుతుంది. మీరు డల్లాస్‌లో వేసవిలో ఉదయం పదిన్నరకు వేసుకుంటుంటే హైదరాబాద్‌లో అది రాత్రి తొమ్మిది. విమానం ఎక్కేముందే ఫోనులో భారత కాలమానంతో అలారం పెట్టుకోండి. ప్యాకును చెక్-ఇన్ సూట్‌కేసులో కాకుండా చేతి సంచిలో ఉంచుకోండి.

ఓపిల్ వాడితే నెలసరి క్రమం తప్పడం, మధ్యమధ్య చుక్కలు కనిపించడం మామూలే. అందుకు భయపడి సగంలో ఆపేసేవాళ్ళు చాలామంది. అయితే ఎనిమిది రోజులు దాటి రక్తస్రావమైనా, మామూలుకన్నా బాగా ఎక్కువైనా డాక్టరుకు చూపించాలి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు వాడకూడదు. టార్ట్రజిన్ అనే పసుపు రంగు పడనివాళ్ళూ మానుకోవాలి, మాత్రలో అది ఉంది. పనిలో పనిగా ఇంకో మాట: వ్రతానికో గృహప్రవేశానికో నెలసరి వాయిదా వేసుకోవడానికి ఓపిల్ పనికిరాదు. ఇండియాలో ఆ పనికి వాడే ప్రిమోలట్-ఎన్‌లో ఉండేది నోరెథిస్టెరోన్ 5 మి.గ్రా. ఇక్కడ దాన్ని నోరెథిండ్రోన్ అసిటేట్ రూపంలో, ప్రిస్క్రిప్షన్ మీదే ఇస్తారు. ముహూర్తానికి మూడు నాలుగు వారాల ముందే డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోండి.

ఈస్ట్రోజెన్ కలిసిన మాత్రకు చీటీ ఎందుకు అడుగుతున్నారంటే, కొందరిలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది కాబట్టి. బీపీ ఉన్నవాళ్ళకు, కళ్ళ ముందు మెరుపులు కనిపించే రకం మైగ్రేన్ ఉన్నవాళ్ళకు, 35 దాటి పొగతాగేవాళ్ళకు, కాన్పయిన మొదటి వారాల్లో ఉన్నవాళ్ళకు అది ఇవ్వరు. కానీ చీటీ కోసం గైనకాలజిస్టు దగ్గరికే వెళ్ళాలని లేదు. కాలిఫోర్నియా, ఒరెగాన్‌లలో 2016 నుంచి ఫార్మసిస్టే రాసివ్వగలడు. న్యూజెర్సీతో సహా చాలా రాష్ట్రాలు అదే బాట పట్టాయి. ఒక ప్రశ్నాపత్రం నింపిస్తారు, బీపీ చూస్తారు, అక్కడే మందు ఇస్తారు. అన్ని బ్రాంచీల్లో ఈ సేవ ఉండదు, ముందు ఫోన్ చేసి ‘ఫార్మసిస్టే బర్త్ కంట్రోల్ రాస్తారా’ అని అడిగి వెళ్ళండి. టెక్సాస్‌లో ఆ వెసులుబాటు లేదు. అక్కడివాళ్ళు ఆన్‌లైన్ డాక్టరును సంప్రదించడం తేలిక, ఇటీవలి బీపీ అంకె చెప్పాల్సి ఉంటుంది. డాక్టరుకు మాలా-డి అని కాకుండా ‘లెవోనార్జెస్ట్రెల్ 0.15, ఇథినైల్ ఎస్ట్రడయాల్ 0.03’ అని చెప్పండి. అదే మిశ్రమం ఇక్కడ లెవోరా లాంటి పేర్లతో ఉంది. నోవెలాన్‌కు సరిజోడు ఏప్రి.

పీసీఓఎస్‌కు డయాన్-35 వాడేవాళ్ళకు మాత్రం సరిజోడు దొరకదు. అందులోని సైప్రొటెరోన్‌కు అమెరికాలో అనుమతి లేదు, వేరే మాత్రకు మారాల్సిందే. లక్నో పరిశోధనశాలలో పుట్టిన సహేలీ (ప్రభుత్వం ఇచ్చే ఛాయా అదే) కూడా ఇక్కడ లేదు. ఇవి వాడేవాళ్ళు దిగిన మొదటి నెలలోనే డాక్టరును చూడటం మంచిది.

సూట్‌కేసులో తెచ్చుకోవాలంటే మూడు నెలలకు సరిపడా మించకుండా, అసలు స్ట్రిప్పుల్లోనే, ఇంగ్లీషులో రాసిన డాక్టరు చీటీతో తెచ్చుకోండి. అయిపోయాక కొరియర్‌లో తెప్పించుకుందామనుకుంటే కస్టమ్స్‌లో ఆగిపోయే అవకాశం ఎక్కువ. పార్సిల్ కోసం ఎదురుచూసే రోజుల్లోనే మాత్ర తప్పిపోతుంది. మెడికల్ షాపుల్లో ‘కిట్’ అని అమ్మే గర్భస్రావం మాత్రలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తేవద్దు. అది వేరే మందు, దాని చట్టాలు వేరు. 2022 తర్వాత టెక్సాస్ లాంటి రాష్ట్రాల్లో వచ్చిన నిషేధం గర్భస్రావం మీదే, ఎమర్జెన్సీ మాత్ర మీద కాదు. అప్పటికే నిలిచిన గర్భాన్ని అది ఏమీ చేయదు. టెక్సాస్‌లో ఉన్నామన్న భయంతో ప్లాన్ బి కొనడం మానుకోవద్దు.

డబ్బు సంగతి. చీటీ ఉంటే చాలా ఇన్సూరెన్సులు పైసా తీసుకోకుండా ఇస్తాయి, చీటీ లేకుండా షెల్ఫు మీంచి తీసుకుంటే మాత్రం సాధారణంగా మీ జేబులోంచే. అందుకని తొందర లేనప్పుడు ఓపిల్‌కైనా సరే డాక్టరు చేత చీటీ రాయించుకుని ఫార్మసీ కౌంటరులో ఇవ్వండి. కాలిఫోర్నియాలో 2024 జనవరి నుంచి చీటీ లేకపోయినా ఇన్సూరెన్సు భరించాలని చట్టం ఉంది. అయితే పెద్ద కంపెనీలు చాలావరకు సొంత నిధులతో నడిపే ప్లాన్లకు ఆ రాష్ట్ర చట్టం వర్తించదు, మీ హెచ్‌ఆర్‌ను ‘సెల్ఫ్ ఫండెడ్ ప్లానా’ అని అడిగి తెలుసుకోండి. వైద్య ఖర్చులకు పన్ను లేకుండా డబ్బు దాచుకునే హెచ్‌ఎస్‌ఏ, ఎఫ్‌ఎస్‌ఏ కార్డులతో ఎలాగూ కొనుక్కోవచ్చు.

హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్నవాళ్ళు, తల్లిదండ్రుల ప్లానులో ఉన్న పిల్లలు ఒకటి గుర్తుంచుకోండి. ఇన్సూరెన్సు వాడితే ఏ సేవ తీసుకున్నారో రాసిన వివరణ పత్రం, ఇక్కడివాళ్ళు ఈఓబీ అంటారు, ప్లాను ఎవరి పేరున ఉందో వాళ్ళకు వెళ్ళొచ్చు. అది ఇంట్లో ఇబ్బంది అవుతుందనుకుంటే కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేసి, ‘కాన్ఫిడెన్షియల్ కమ్యూనికేషన్’ కావాలని చెప్పి, మీ సొంత ఈమెయిలుకో వేరే అడ్రసుకో పంపమనండి. ఆ కోరిక నమోదు కావడానికి కొన్ని రోజులు పడుతుంది. అంతలో మందు కావాల్సి వస్తే నగదు ఇచ్చి కొనండి, ఇన్సూరెన్సులో ఏ రికార్డూ ఉండదు.