డిష్‌వాషర్ పంపు విప్పే ముందు

ప్రొద్దుటూరు

పాపా,

మీ డిష్‌వాషర్ పంపు నిజంగా మార్చాల్సిందేనా అని నిన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పలేక ఇది రాస్తున్నా. మెకానిక్ వచ్చాడు, తలుపు తీసి చూశాడు, అడుగున నీళ్లు నిలబడి ఉన్నాయి, "పంపు పోయింది మేడం, మొత్తం సెట్ మార్చాల్సిందే" అని రేటు చెప్పి పోయాడు. ఏ పంపు అని నువ్వు అడగలేదు, అతను చెప్పనూ లేదు. తిరకాసంతా అక్కడే ఉంది.

ఆ మిషన్లో పంపులు రెండు. ఒకటి గిన్నెలు కడిగేది. అడుగున చేరిన నీళ్లను లాగి, గిరగిరా తిరిగే రెక్కల్లోంచి గిన్నెల మీదికి చిమ్ముతుంది. రెండోది డ్రెయిన్ పంపు, పనయ్యాక మురికి నీళ్లను బయటికి తోసేది. మొదటిది బరువు, ఖరీదు కూడా. కొత్త మోడళ్లలో చాలావాటికి నీళ్లు కాచే హీటర్ కూడా దాంట్లోనే కలిసి ఉంటుంది. రెండోది అరచేతిలో పట్టేంత, సుమారు 30 వాట్ల బుల్లి మోటారు. నీళ్లు అడుగున నిలబడిపోయాయంటే ముందు డ్రెయిన్ పంపునే అనుమానించాలి. నీళ్లు చక్కగా బయటికి పోతూ, గిన్నెలకు మాత్రం జిడ్డు వదలకపోతే, ముఖ్యంగా పై అరలో గ్లాసులు అట్లనే వస్తుంటే, అప్పుడు కడిగే పంపు సంగతి చూడాలి. నువ్వు చెప్పిన లక్షణాలు డ్రెయిన్ పంపువే. దాన్ని నువ్వు ఇంట్లోనే మార్చుకోవచ్చు, నీ చేతకానిదేం కాదు. అయితే అది నిజంగా పోయిందో లేదో ముందు తేలాలి.

ముద్దనూరు థర్మల్‌లో నా సర్వీసంతా పంపుల దగ్గరే గడిచింది కదా. అక్కడ ఏ పంపు నీళ్లు తోయకపోయినా ముందు స్ట్రెయినర్, అంటే చెత్తను ఆపే జాలీ, చూసేవాళ్లం, తర్వాత వాల్వులు, ఆ తర్వాతే పంపు మీద స్పానర్ పెట్టేది. నీ వంటింట్లో మిషన్‌కూ అదే వరస.

ఒకవేళ వారంటీ ఇంకా ఉంటే ఈ ఉత్తరం ఇక్కడితో మడిచి పెట్టి కంపెనీకి ఫోన్ చెయ్యి. నువ్వు స్క్రూ ముట్టుకున్నావంటే వాళ్లకు ఒక సాకు దొరికినట్టే.

వారంటీ అయిపోయి ఉంటే మొదటి పని ప్లగ్గు పీకడం. స్విచ్ కట్టేశాను, ఎంసీబీ దించాను అంటే సరిపోదు. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. వైరింగ్ చేసినవాడు ఏ పాయింటును దేనికి కలిపాడో ఎవరికి తెలుసు? మెయిన్ దించిన తర్వాత కూడా ఇన్వర్టర్ లైన్లో 230 వోల్టులు వస్తూనే ఉంటాయి. అందుకని ప్లగ్గు సాకెట్లోంచి ఊడి నీ కళ్ల ముందు నేల మీద ఉండాలి. తర్వాత మిషన్‌కు నీళ్లొచ్చే కొళాయి కట్టెయ్యి.

కింది అర బయటికి తీసి, స్టీలు గ్లాసుతో నీళ్లు తోడి, మిగిలినవి స్పాంజితో పిండు. ఫిల్టర్ తిప్పి పైకి తియ్యి. అది తీశాక కింద గుంట కనబడుతుంది. టార్చి వేసి చూడు, చెయ్యి మాత్రం పెట్టొద్దు. పగిలిన గ్లాసు ముక్కలు చేరేది అక్కడే. చెంచాతో తియ్యి, లేదా మందపాటి గ్లవ్స్ వేసుకో. చాలా మోడళ్లలో ఆ గుంటలో పక్కకు ఒక చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది. చెంచా కాడతో ఎత్తితే ఊడి వస్తుంది. దాని వెనకే డ్రెయిన్ పంపు రెక్కలు.

ఇక మన ఇళ్లలో అక్కడ దొరికే సరుకు గురించి చెప్పాలి. పోపులో ఆవాలు, కరివేపాకు ఈనెలు, చింతపండు పీచు, ఊరుబిండిలో నలగని చెనక్కాయ పలుకులు. సంగటి మెతుకు ఎండిందంటే సిమెంటే. కంపెనీవాళ్లు ఇచ్చిన పుస్తకంలో గిన్నెలు తుడిచి పెట్టండి, కడగక్కర్లేదు అని రాసి ఉంటుంది. సంగటి గిన్నెను మాత్రం ఒకసారి నీళ్లతో తొలిచే పెట్టు. కరివేపాకు ఈనె ఒక్కటి ఆ రెక్కల ఇరుసుకు చుట్టుకుంటే చాలు, పంపు గుయ్యిమంటుంది గానీ నీళ్లు కదలవు. చూసినవాడు పంపు కాలిపోయిందంటాడు. ట్వీజర్‌తో ఆ ఈనె లాగితే మామూలుగా పనిచేస్తుంది.

రెక్కలు బయటపడ్డాక చెంచా కాడతో మెల్లగా తిప్పి చూడు. సాఫీగా తిరగదు. గతుక్కున ఆగి, మళ్లీ గతుక్కున కదులుతుంది. ఇది చూసి బేరింగ్ పోయిందని కంగారు పడొద్దు. లోపల తిరిగే భాగం, అంటే రోటరు, శాశ్వత అయస్కాంతం, అది చుట్టూ ఉన్న ఇనుప కోరును పట్టి లాగుతుంది కాబట్టి ఆ గతుకు ఉండి తీరాలి. కొన్ని పంపుల్లో అయితే రెక్కలు ముందు కొంత దూరం ఊరికే తిరిగి, ఆ తర్వాత రోటరును పట్టుకుంటాయి. మోటారు తేలిగ్గా స్టార్ట్ కావడానికి అట్లా వదులు పెడతారు. అదీ లోపం కాదు. లోపమంటే ఇది: రెక్కలు పైకీ కిందికీ, పక్కలకూ లొటలొటలాడటం, రెక్క విరిగి ఉండటం, గతుకే లేకుండా గాలికి తిరిగినట్టు ఊరికే తిరిగిపోవడం. చివరిది కనబడిందంటే రెక్కకూ ఇరుసుకూ సంబంధం తెగినట్టు. మోటారు లోపల తిరుగుతున్నా నీళ్లకు ఆ సంగతి తెలియదు.

ఈ శుభ్రం అంతా చేసి, మూత టక్కుమని కూర్చునేలా పెట్టి, ఫిల్టర్ బిగించి ఒకసారి నడిపి చూడు. బాష్, సీమెన్స్ మిషన్ల డిస్‌ప్లేలో ఈ-24 అనే కోడ్ వస్తే నీళ్లు పోవడం లేదని, ఈ-25 అంటే పంపు దగ్గర అడ్డుందని లేదా ఆ మూత సరిగా కూర్చోలేదని. ఎల్‌జీలో అయితే ఓఈ అని చూపిస్తుంది. ఇంకా పోకపోతే మిషన్ వెనక పైపు మడత పడిందేమో, సింకు కింద అది కలిసే చోట జిడ్డు గడ్డకట్టిందేమో చూడు. పైపును బకెట్లోకి వదిలి నడిపితే తెలిసిపోతుంది. బకెట్లోకి ధారగా వస్తే తప్పు నీ సింకుది, పంపుది కాదు. మరో సంగతి. నీళ్లు ఒకసారి పోయి, పది నిమిషాల తర్వాత కాసిని మళ్లీ అడుగున చేరుతుంటే, పోయిన నీళ్లు వెనక్కి రాకుండా ఆపే రబ్బరు రేకు చెడిపోయి ఉంటుంది. అది పంపుతో పోలిస్తే చిల్లర ఖర్చు.

ఇవేవీ కాదని తేలాక మల్టీమీటర్ తియ్యి. మీ ఆయన దగ్గర ఉండనే ఉంది. ప్లగ్గు ఊడదీసే ఉంచి, పంపుకు పోయే కనెక్టర్ పీకి (అక్కడికి చెయ్యి ఎట్లా చేరాలో కింద చెబుతా), పంపు రెండు పిన్నుల మధ్య రెసిస్టెన్స్ కొలువు. మామూలుగా 100 నుంచి 250 ఓమ్‌ల మధ్య ఎక్కడో చూపిస్తుంది. మీటరు ఏమీ చూపకుండా ఓపెన్ అంటే లోపలి తీగచుట్ట, అదే వైండింగ్, తెగింది, పంపు పోయినట్టే. రీడింగ్ బాగుండి, రెక్కలు బాగుండి, నడిపినప్పుడు చప్పుడే రాకపోతే పంపుకు కరెంటు అందడం లేదు. అప్పుడు కనెక్టర్లు, వైర్లు, మిషన్‌ను నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు చూడాలి. కొత్త పంపు కొని బిగించినా ఉపయోగం ఉండదు. ఈ ఒక్క కొలత వేయకుండా పంపు మార్చమన్నవాడి మాట నమ్మొద్దు.

అనంతపురంలో వీధికో మోటారు వైండింగ్ షాపు ఉంటుంది కదా, అక్కడ చుట్టిస్తే పోదా అనుకుంటావేమో. బోరు మోటారుకైతే సరే. ఈ చిన్నదాని కాయిల్‌ను ప్లాస్టిక్‌లో మూసేసి ఉంటారు, విప్పి చుట్టడానికి కుదరదు. కొత్తదే కొనాలి. కొనేటప్పుడు తలుపు అంచు మీద ఉండే స్టిక్కర్ ఫొటో తీసుకో, మోడల్ నంబరు పూర్తిగా కనబడాలి, ఒక్క అక్షరం తేడా వచ్చినా పంపు మూతి వేరుగా ఉండొచ్చు. పాత పంపు మీద కూడా వోల్టులు, వాట్లు, తయారీదారు పేరు ఉంటాయి. అస్కోల్ అనో హాన్యూ అనో ఉంటే కంగారు పడకు, పెద్ద బ్రాండ్ల మిషన్లకు కూడా పంపులు చేసిచ్చేది ఇట్లాంటి కంపెనీలే. ఊళ్లో దొరక్కపోతే బెంగళూరు నుంచి తెప్పించుకోవచ్చు. పంపుతో పాటు దాని రబ్బరు రింగు కూడా వస్తుందో లేదో అడుగు. రాకపోతే విడిగా తీసుకో. పాత రింగు మళ్లీ వేయడం పిసినారితనం, పైసలు మిగలవు, నేల తడుస్తుంది.

విప్పడం గురించి ఎక్కువ చెప్పను, మోడల్‌ను బట్టి మారుతుంది. నీ మోడల్ నంబరు కొట్టి వీడియో ఒకటికి రెండుసార్లు చూడు. కొన్నింటికి పక్క రేకు విప్పితే చెయ్యి దూరుతుంది, కొన్నింటిని వెనక్కి వాల్చి అడుగు ట్రే తీయాలి. వాల్చాల్సి వస్తే లోపలి అరలన్నీ ముందే తీసెయ్యి, పాత దుప్పటి పరుచు, ఇద్దరు పట్టుకోండి. మిషన్ లోపలి ఉప్పు డబ్బాలో ఉన్న నీళ్లు కారతాయి, బోర్డు వైపు పోకుండా చూసుకో. స్టార్ స్క్రూలు ఉంటాయి, టీ-20 బిట్ ఎక్కువగా పనికొస్తుంది. ఆ రేకుల అంచులు కత్తుల్లా ఉంటాయి. గ్లవ్స్ వేసుకోకుండా చెయ్యి పెట్టొద్దు, ఇది పెద్దనాయన ఆర్డర్ అనుకో.

కనెక్టర్ పీకే ముందు ఫొటో తియ్యి. పీకేటప్పుడు వైరు పట్టి లాగకుండా ప్లాస్టిక్ గూడు పట్టుకో. చాలావాటిలో పంపుకు స్క్రూలే ఉండవు. చిన్న నాలుక లాంటి లాకు ఉంటుంది, దాన్ని వేలితో నొక్కి పట్టి పంపును పావు వంతు తిప్పితే చేతిలోకి వచ్చేస్తుంది. కింద గుడ్డ పెట్టుకో, ఒక గ్లాసు మురికి నీళ్లు ఖాయం. పంపు కూర్చునే చోటు రబ్బరు ముట్టే అంచంతా తుడువు. అక్కడ మీ బోరు నీళ్ల తెల్ల పక్కు పేరుకుని ఉంటుంది, దాని మీద కొత్త రింగు కూర్చోదు. నిమ్మ ఉప్పు కలిపిన వేడి నీళ్లలో ముంచిన గుడ్డతో రుద్దితే కరుగుతుంది. కత్తితో గీకితే ప్లాస్టిక్ మీద గీత పడి అక్కడి నుంచే కారుతుంది. కొత్త రింగుకు గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క రాయి. వంట నూనె, గ్రీజు మాత్రం వద్దు, వాటికి రబ్బరు ఉబ్బుతుంది.

బిగించాక చాలామంది బోల్తా పడేది ఒక చోట. అడుగు ట్రేలో థర్మోకోల్ బిళ్ల లాంటి ఫ్లోట్ ఉంటుంది, దానికి ఒక చిన్న స్విచ్. ట్రేలోకి నీళ్లు కారితే ఫ్లోట్ పైకి తేలి స్విచ్ నొక్కుతుంది. మిషన్ లీకని అనుకుని నీళ్లు పట్టడం ఆపేసి, డ్రెయిన్ పంపును ఆపకుండా నడుపుతూ కూర్చుంటుంది. నువ్వు పని చేసేటప్పుడు ఒలికిన నీళ్లు కూడా ఆ ట్రేలోనే చేరతాయి. కొత్త పంపు పెట్టగానే గుయ్యిమంటూ ఆగకపోతే "ఇదీ చెడ్డదే ఇచ్చారు" అని దుకాణం మీద పడతారు జనం. ప్లగ్గు పీకి, ట్రేను గుడ్డతో అద్ది, బాగా ఆరనిచ్చి అప్పుడు చూడు. బాష్‌లో అయితే ఈ-15 అని చూపించేది ఇదే.

ట్రయల్‌కు మిషన్‌ను గూట్లోకి తోయొద్దు. లోపల రెండు లీటర్ల నీళ్లు పోసి డ్రెయిన్ ప్రోగ్రాం పెట్టు, అడుగున న్యూస్ పేపర్ పరిచి టార్చి వేసి చూస్తూ ఉండు. ప్లగ్గు పెట్టి ఉన్నంత సేపు లోపల చెయ్యి పెట్టడం నిషిద్ధం. పేపరు మీద తడి మచ్చ లేకపోతే గిన్నెలు లేకుండా ఒక పూర్తి రౌండు నడిపి, మళ్లీ పేపరు చూడు. వేడి నీళ్లకు కారే లీకు చల్లటి నీళ్లలో కనబడదు.

ఒకవేళ మీటరు పెట్టి చూశాక చెడింది కడిగే పంపు అని తేలితే ఆగు, నాకు ఫోన్ చెయ్యి. కొత్త మోడళ్లలో దానికి మూడు వైర్లు ఉంటాయి, బోర్డు నుంచే కరెంటు తీసుకుంటుంది. పరీక్షకని దానికి నేరుగా 230 వోల్టులు ఇస్తే ఆ క్షణంలోనే కాలుతుంది. ఇక ఖర్చు లెక్క. పార్టు, పని కలిపి కొత్త మిషన్ ధరలో సగం దాటితే ఏడెనిమిదేళ్ల మిషన్ మీద ఆ డబ్బు పెట్టను నేను.

పంపు మారినా నీళ్లు మారవు కదా. అనంతపురం బోరు నీళ్ల కాఠిన్యం నీకు చెప్పక్కర్లేదు, వేడి నీళ్ల గీజరు చూస్తే తెలుస్తుంది. మిషన్లో హార్డ్‌నెస్ సెట్టింగ్ ఫ్యాక్టరీలో పెట్టినట్టే వదిలేసి ఉంటావు. కొలిచే స్ట్రిప్పులు తెప్పించుకుని, మీ నీళ్లకు తగ్గట్టు పెంచు. ఉప్పు లైటు వెలగగానే డిష్‌వాషర్ ఉప్పే వెయ్యి, కూరలో వేసే అయొడైజ్డ్ ఉప్పు వేస్తే నీళ్ల కాఠిన్యం తగ్గించే సాఫ్ట్‌నర్ పాడవుతుంది. ఫిల్టర్ వారానికోసారి కుళాయి కింద పట్టి కడుగు, పాత టూత్‌బ్రష్ ఒకటి దానికే ఉంచు.

ఆదివారం లోపు తీరిక చూసుకుని ఫిల్టర్ గుంట వరకు చేసి, మీటరు రీడింగు, తలుపు మీది స్టిక్కరు ఫొటో నాకు వాట్సాప్‌లో పెట్టు. అవి చూశాకే పార్టుకు ఆర్డరివ్వాలి. అప్పటిదాకా ఆ మెకానిక్ ఫోన్ చేస్తే ఊరికి పోయినామని చెప్పు.

మీ పెద్దనాయన