సెప్టెంబర్ చివర్లో యూరప్ వెళ్తే చలి ఎంత ఉంటుంది, ఏం సర్దుకోవాలి?

సెప్టెంబర్ 24 నుంచి అక్టోబర్ 5 దాకా పారిస్, స్విట్జర్లాండ్‌లోని ఇంటర్లాకెన్, వెనిస్, రోమ్ చూస్తామని, వెంట అరవై దాటిన అమ్మానాన్నలు వస్తున్నారని, స్వెటర్లు సరిపోతాయా లేక పెద్ద కోట్లు కొనాలా అని అడిగారు. రోమ్‌కి కోటు అక్కర్లేదు. ఇంటర్లాకెన్ నుంచి రైల్లో వెళ్లే మంచుకొండ మీది స్టేషన్ యుంగ్‌ఫ్రౌయోహ్‌కి స్వెటర్ ఒక్కటే చాలదు. రెండు కాలాల బట్టలు ఒకే పెట్టెలో పట్టించాలి, చిక్కంతా అదే.

ఆ రోజుల్లో పారిస్‌లో మధ్యాహ్నం 20 డిగ్రీల దగ్గర, తెల్లవారుజామున 11, 12 ఉంటుంది. ఇంటర్లాకెన్‌లో 17, 18 నుంచి రాత్రికి 8కి దిగుతుంది. వెనిస్‌లో పగలు 21, 22. రోమ్‌లో 25, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. ఇవి సగటులు, ఏ వారమైనా అయిదారు డిగ్రీలు అటూ ఇటూ అవుతుంది. హైదరాబాద్‌లో డిసెంబర్ తెల్లవారుజామే చాలాసార్లు 14, 15 దగ్గర ఆగుతుంది కాబట్టి పారిస్ ఉదయాన్ని తేలిగ్గా తీసుకోకండి.

చాలామందికి దెబ్బ తగిలేది ఉదయం బయల్దేరేటప్పుడే. అక్టోబర్ చివరి ఆదివారం దాకా అక్కడ గడియారాలు వేసవి సమయంలోనే, అంటే గంట ముందుకు జరిపే ఉంటాయి. అందుకే పారిస్‌లో ఆ వారం సూర్యోదయం 7:40 ప్రాంతంలో. ఎనిమిదింటికి టూర్ బస్సు కోసం నిలబడితే మన లెక్కలో అది తెల్లవారుజాము కిందే. పదకొండయ్యేసరికి ఎండ తగిలి అదే స్వెటర్ బరువవుతుంది. కాబట్టి ఒక్క మందపాటి కోటు కంటే మూడు పలచటి పొరలు మేలు: లోపల ఫుల్ హ్యాండ్ టీషర్ట్, దాని మీద ఫ్లీస్ (తేలికైన, మెత్తని వెచ్చటి జాకెట్), పైన గాలీ వానా ఆపే హుడ్ ఉన్న జాకెట్. ఎండెక్కితే ఒక్కొక్కటీ తీసి బ్యాగులో వేసుకోవచ్చు.

వాన సంగతి. ఏడాది మొత్తం మీద పారిస్‌లో పడేది సుమారు 640 మిల్లీమీటర్లు, హైదరాబాద్ కంటే తక్కువే. కానీ అది వందకు పైగా రోజుల్లో పంచుకుని పడుతుంది. కుండపోత అరుదు, ముసురు ఎక్కువ. మన దగ్గరలా చూరు కింద పావుగంట ఆగితే తెరిపిస్తుందిలే అనుకుంటే కుదరదు, ఆ తుంపరలోనే నడవాలి. జీన్స్ తడిస్తే మర్నాటికీ ఆరదు, త్వరగా ఆరే ప్యాంటు తెచ్చుకోండి. అమ్మగారు చీరే కట్టుకుంటానంటే లోపల థర్మల్ లెగ్గింగ్స్, కాళ్లకు సాక్సు, షూ తప్పనిసరి. తడిసిన రాతి బాటల మీద చెప్పులు జారతాయి.

ఇక కొండ మీదికి. ఇంటర్లాకెన్ ఎత్తు దాదాపు 570 మీటర్లు, యుంగ్‌ఫ్రౌయోహ్ స్టేషన్ 3,454. వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గించుకుంటే తేడా సుమారు 19 డిగ్రీలు. కింద 16 ఉంటే పైన సున్నాకి దిగువే, పైగా గాలి. అక్కడి మంచు గుహ లోపల కూడా మైనస్ 3 దగ్గర ఉంటుంది. మంకీ క్యాప్, గ్లవ్స్, పట్టు ఉన్న షూ ఆ ఒక్క పూట కోసమైనా కావాలి. మంచు మీద ఎండ కళ్లలో గుచ్చుతుంది, నల్ల కళ్లద్దాలు మరవకండి. ఆ ఎత్తులో గాలి పలచన, ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. పెద్దవాళ్లను నెమ్మదిగా నడిపించండి, గుండె జబ్బో ఆయాసమో ఉంటే ముందే డాక్టర్‌ని అడగండి.

నా గట్టి సలహా ఒకటే: కొండకు తేదీ ముందే ఖాయం చేయకండి. ఇంటర్లాకెన్‌లో మూడు రాత్రులు ఉండి, స్విట్జర్లాండ్ వాతావరణ శాఖ వారి మెటియోస్విస్ యాప్‌లో తెరిపి కనిపించిన రోజును దానికి వదలండి. పొద్దున్నే కొండ మీది లైవ్ కెమెరా చూసి అప్పుడు టికెట్ కొనండి. కింద పొగమంచు కమ్మి ఏమీ కనిపించకపోయినా దిగులు పడక్కర్లేదు. శరత్కాలంలో చల్లగాలి లోయల్లో పేరుకుని పైన నీలాకాశం ఉండటం మామూలే. కెమెరాలో కూడా అంతా తెల్లగానే ఉంటే మాత్రం డబ్బు దండగ. ఆ రోజు రైల్లో బెర్న్ వెళ్లండి, గంటలోపే. పాత ఊరి వీధుల పొడవునా కప్పున్న నడవాలు సుమారు ఆరు కిలోమీటర్లు, తడవకుండా తిరగొచ్చు.

ఇటలీలో భయం చలి కాదు, ఉరుముల వాన. ఎండాకాలమంతా కాగిన మధ్యధరా సముద్రం మీదికి పైనుంచి చల్లగాలి దిగితే గంటా రెండు గంటల్లో వీధులు జలమయం అవుతాయి. వెనిస్‌లో నీళ్లు పొంగే రోజులు ఎక్కువగా అక్టోబర్ నుంచి. సముద్రానికి పెద్ద పోటు వచ్చినప్పుడు నీళ్లు ఊళ్లోకి రాకుండా ‘మోసే’ (MOSE) అనే అడ్డుగేట్లు లేపుతారు, అవి 2020 అక్టోబర్ నుంచి పనిచేస్తున్నాయి. ఇంకో మాట: అక్కడ ఇళ్లలో హీటింగ్ వేసే తేదీలు చట్టమే నిర్ణయిస్తుంది. వెనిస్‌లో మామూలుగా అక్టోబర్ 15 నుంచి, రోమ్‌లో నవంబర్ 1 నుంచి. మీరు అపార్ట్‌మెంట్ తీసుకుంటే రాత్రి రాతి గోడలు చల్లబడ్డాక హీటర్ పనిచేయకపోవచ్చు. బుక్ చేసేటప్పుడే అదనపు దుప్పట్లు అడిగి ఉంచండి, అమ్మానాన్నలకు ఒక్కో శాలువా చేతిసంచిలోనే పెట్టండి.