పాస్టరుగారు ఫోనెత్తలేదని అలిగే ముందు

డల్లాస్‌కి కొత్తగా వచ్చి తెలుగు క్రైస్తవ సంఘంలో చేరిన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ రెండు మూడు నెలలు తిరక్కుండానే నా దగ్గర చేసే ఫిర్యాదు ఒకటుంది: "అన్నా, పాస్టరుగారు మమ్మల్ని పట్టించుకోవట్లేదు." ఏం జరిగిందమ్మా అంటే, గురువారం మధ్యాహ్నం ఫోన్ చేస్తే ఎత్తలేదట. ఎత్తరు. ఆ టైముకి ఆయన కూడా మీలాగే ఆఫీసులో ఏదో మీటింగులో ఉంటారు.

ఇక్కడి చిన్న తెలుగు సంఘాల్లో చాలామంది కాపరులు వారమంతా ఉద్యోగం చేసి, శనివారం రాత్రి వాక్యం సిద్ధం చేసుకుని, ఆదివారం మధ్యాహ్నం అమెరికన్ చర్చి వాళ్ళ దగ్గర అద్దెకు తీసుకున్న హాల్లో ఆరాధన నడిపేవాళ్ళే. హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నాయనైతే సంఘం నుంచి జీతం తీసుకోవడానికి కూడా లేదు, ఆ వీసా స్పాన్సర్ చేసిన కంపెనీ దగ్గరే పని చేయాలి. మతసేవకులకిచ్చే ఆర్-1 వీసా మీద వచ్చినాయనకి మొదట 30 నెలలు మించి ఇవ్వరు, మొత్తం కలిపి 5 ఏళ్ళే. ఆయన గ్రీన్‌కార్డు టెన్షన్ ఆయనకుంది.

మనకు ఇది మింగుడు పడకపోవడానికి కారణముంది. మాది గుంటూరు వైపు పల్లె. గుడి, అంటే చర్చి, పక్కనే అయ్యగారి ఇల్లు. పాస్టరుగారినే అలా పిలిచేవాళ్ళం. అర్ధరాత్రి తలుపు తట్టినా లేచేవారు. పదో తరగతి హాల్‌టికెట్ల మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసేవారు, అన్నదమ్ముల గట్టు తగాదా తీర్చేవారు, హాస్టల్లో సీటుకి ఉత్తరం రాసిచ్చేవారు. అంతకు ముందు మిషనరీ దొరల కాలంలోనూ అంతే. 1842లో అమెరికా నుంచి లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చిన తర్వాత మిషన్ కాంపౌండే బడి, ఆసుపత్రి, ఉద్యోగం అన్నీ అయి కూర్చుంది. కుగ్లర్ ఆసుపత్రి అలా వచ్చిందే. అందుకే మన కళ్ళకి పాస్టరంటే సగం దేవుని సేవకుడు, సగం కలెక్టరు. ఆ దొరలు బయల్దేరిన దేశానికే మనమొస్తే, ఇక్కడి కాపరికి కలెక్టరు పని లేదు.

కాబట్టి రెజ్యుమె పంపి "మీ కంపెనీలో చూడండయ్యగారూ" అని ప్రతి ఆదివారం అడక్కండి. ఒకసారి చెప్పండి, చాలు. సంఘానికి రాని వారాలకి కూడా వచ్చినట్టు ఇమ్మిగ్రేషన్‌కి ఉత్తరం రాయమని అసలే అడగొద్దు, అబద్ధం మీద సంతకం పెడితే మునిగేది ఇద్దరూ. పెళ్ళి చేయమని అడిగేవాళ్ళు ముందు కౌంటీ ఆఫీసులో లైసెన్సు తీసుకోండి. టెక్సాస్‌లో అది చేతికొచ్చాక మామూలుగా 72 గంటలు ఆగాలి. శుక్రవారం సాయంత్రం లైసెన్సు తెచ్చి శనివారం ముహూర్తమంటే ఆయనేం చేస్తారు?

నా సంగతీ చెప్పాలి. మా అబ్బాయి పుట్టినప్పుడు నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. పాస్టరుగారు చూడ్డానికి రాలేదని మూడు వారాలు గుడికి వెళ్ళలేదు, అంత కోపం. చివరికి ఆయనే ఫోన్ చేసి "బ్రదర్, ఊళ్ళో లేరా?" అన్నారు. ఆయనకు ఎవరూ చెప్పనే లేదు! ఊళ్ళోనైతే పాలు పోసే ఆవిడ చెప్పేది. ఇక్కడ మనం నోరు విప్పి చెప్పకపోతే ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేసి మరీ ఆయనకు చెప్పరు. అప్పటికప్పుడు ప్రార్థన కావాలంటే నర్సుని అడగండి, చాలా ఆసుపత్రుల్లో రోగుల కోసం ప్రార్థన చేసే చాప్లిన్ ఉంటారు. తెలుగు రాకపోయినా పక్కన కూర్చుంటారు.

భార్యాభర్తల గొడవ దగ్గర ఇంకా జాగ్రత్త. పాస్టరుగారు వింటారు, ప్రార్థిస్తారు, ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడతారు. కానీ చాలామందికి కౌన్సెలింగులో శిక్షణ ఉండదు. చెయ్యి చేసుకునే దాకా వస్తే ముందు 911, తర్వాతే అయ్యగారు. "సర్దుకుపోమ్మా" అని ఆయన చెప్పినా సరే. చచ్చిపోవాలనిపించే దిగులైతే 988కి ఫోన్ చేయండి, రాత్రీ పగలూ ఎత్తుతారు. ఇంకోటి, పిల్లల్ని కొడుతున్నారని, హింసిస్తున్నారని తెలిస్తే టెక్సాస్ చట్టం ప్రకారం ఎవరైనా రిపోర్టు చేయాల్సిందే, పాస్టరుకి కూడా మినహాయింపు లేదు. ఆయన చాడీ చెప్పారని తిట్టుకోకండి. ఇంటి గొడవని మీరే ప్రార్థన విన్నపంగా వాట్సాప్ గ్రూపులో పెట్టి, బయటికి పొక్కిందని ఆయన్ని అనడం మాత్రం అన్యాయం.

ఆశ తగ్గించుకోమన్నానని కళ్ళు మూసుకోమనట్లేదు. దశమభాగం, అంటే సంపాదనలో పదో వంతు కానుక, పాస్టరుగారి సొంత ఖాతాకి పంపమంటే ఎందుకని అడగండి. చర్చిలు ప్రభుత్వానికి ఏటా లెక్కలు చూపించక్కర్లేదు కాబట్టి సంఘం ముందైనా చూపించాలి. 250 డాలర్లు, ఆపైన ఇచ్చిన కానుకకి రసీదు లేకపోతే ట్యాక్స్‌లో చూపించుకోలేరు కూడా. కాపరి ఎవరైనా ప్లాట్లు, పెట్టుబడులు అంటూ మాట్లాడితే మర్యాదగా లేచి వచ్చేయండి. అక్కడ మాత్రం మొహమాటం పనికిరాదు.

బైబిల్లో మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం తగాదాలు తీరుస్తుంటే మామ యిత్రో వచ్చి, ఇలాగైతే నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు, పని పెద్దలకి పంచు అన్నాడు కదా. ఆ నిర్గమకాండం 18వ అధ్యాయం మన సంఘాల్లో వినిపిస్తుంది గానీ అమలు మాత్రం కాదు. గృహప్రవేశ ప్రార్థనకి సంఘ పెద్ద వస్తే "అయ్యగారు రాలేదా?" అని మొహం చిన్నబుచ్చుకునేది మనమే.

ఏదైనా మాట్లాడాలంటే ముందు రోజు మెసేజ్ పెట్టండి: విషయమేంటో ఒక్క ముక్కలో, ఎంత తొందరో ఇంకో ముక్కలో. ఉత్తినే "అయ్యగారూ, వందనాలు, అర్జెంటు" అని పెట్టి ఊరుకుంటే ఆయన మీటింగులోంచి బయటికి పరిగెత్తుకొస్తారు, తీరా అడిగితే కొత్త కారుకి ప్రతిష్ఠ ప్రార్థన. లేదంటే ఆదివారం ఆరాధనయ్యాక ఒక అరగంట ఆగండి. హాలు ఖాళీ చేసివ్వాలి కదా, ఆయన కుర్చీలు మడుస్తూ ఉంటారు. మీరూ నాలుగు మడవండి. మా ఆవిడా నేనూ ఆయనతో మనసు విప్పి మాట్లాడిన మాటల్లో సగం ఆ కుర్చీల దగ్గరే.