ఉగ్రవాదం కోసం పెట్టిన బలగాల్ని గంజాయి మీదకు మళ్లిస్తే సరిపోదా?

కర్నూలు, అనంతపురం మీదుగా పోయే 44వ నంబరు హైవేలో గంజాయి పట్టుబడిన ప్రతిసారీ వచ్చే ప్రశ్న ఇది. సరిపోదండీ, ఎందుకంటే రెండూ ఒకే పని కాదు. గంజాయి కేసంటే రాత్రంతా టోల్‌గేట్ దగ్గర బండ్లు ఆపాలి, మూటలు తూకం వేయాలి, మేజిస్ట్రేట్ ముందు శాంపిల్ తీయించాలి. సరుకు 20 కిలోలు దాటితే కనీసం పదేళ్ల శిక్ష కాబట్టి పంచనామాలో చిన్న తేడా దొరికినా లాయర్ వదలడు. దీనికి కావాల్సింది మనుషులు, ఓపిక. ఉగ్రవాదుల్ని ఎదుర్కోవడానికి పెట్టిన ఆక్టోపస్ దళం కమాండోతో మూటలు తూకం వేయించడం శుద్ధ దండగ!

ఉగ్రవాదానిది ఏళ్ల తరబడి నిఘా. 2025లో రాయచోటిలో తమిళనాడు పోలీసులకు చిక్కిన ఇద్దరు ఉగ్రవాద కేసుల నిందితులు దాదాపు 30 ఏళ్లుగా పరారీలో ఉన్నవాళ్లే, వాహన తనిఖీల్లో దొరికే రకం కాదు.

రెండూ కలిసేది డబ్బు దగ్గర. 2021లో గుజరాత్‌లోని ముంద్రా పోర్టులో దాదాపు 3,000 కిలోల హెరాయిన్ దొరికితే, దిగుమతిదారు చిరునామా విజయవాడ అని తేలింది, కేసు ఉగ్రవాద కేసులు చూసే కేంద్ర సంస్థ ఎన్‌ఐఏకి వెళ్లింది. కాబట్టి నన్నడిగితే బ్యాంకు లావాదేవీలు, ఫోన్ డేటా చూసే టీమ్‌ని ఈ రెండు పనులకూ ఉమ్మడిగా పెట్టాలి, కానిస్టేబుళ్లను మాత్రం మామూలు స్టేషన్లకే పెంచాలి.