ఎగ్జిమా ఉన్న బిడ్డకు గుడ్డు మాన్పించాలా?

రెండేళ్ల పాపకు మోచేతి మడతల్లోనూ మోకాళ్ల వెనుకా ఎగ్జిమా (చర్మం పొడిబారి, ఎర్రబడి దురద పెట్టే జబ్బు) వస్తోందనీ, గుడ్డు, పాలు, వంకాయ, పల్లీలు మాన్పిస్తే తగ్గుతుందా అనీ మీరు అడిగారు. మా అబ్బాయికి పసితనంలో బుగ్గల మీద మొదలైన ఇదే బాధను ఇంట్లో చూసుకుంటూ వచ్చిన తల్లిగా చెబుతున్నాను: వైద్యులు పరీక్షించి చెప్పనిదే ఏదీ మాన్పించకండి.

మా అత్తగారు మనవడి మీద ప్రేమతోనే ‘వేడి చేసేవి’, ‘దురద పెట్టేవి’ అంటూ ఒక్కొక్కటే తీసివేయగా, చివరికి వాడి కంచంలో చారన్నం, ఇడ్లీ, అరటిపండు తప్ప చెప్పుకోదగ్గది మిగలలేదు. దురద అలాగే ఉంది, బరువు పెరగడం మాత్రం ఆగిపోయింది. రక్తపరీక్షలో గుడ్డుకు సంబంధించిన ఐజీఈ (అలర్జీలో పాలుపంచుకునే ప్రతిరక్షకం) కాస్త ఎక్కువగా రావడంతో ఆవిడ మాటకు బలం చేకూరింది. అయితే ఆ పరీక్ష ఒక్కటే గుడ్డు పడదని తేల్చలేదని అలర్జీ నిపుణురాలు వివరించి, ఆసుపత్రిలోనే తినిపించి చూద్దామన్నారు.

ఉడికించిన గుడ్డును గోరంత ముక్కతో మొదలుపెట్టి, కొంత వ్యవధి ఇచ్చి మోతాదు పెంచుతూ, ప్రతిసారీ ఒళ్లూ ఊపిరీ పరిశీలిస్తూ నర్సు తినిపించింది. మా అత్తగారు కళ్లజోడు సవరించుకుంటూ వాడి చొక్కా ఎత్తి చూస్తూనే ఉన్నారు. కాసేపటికి, “మెడ వెనుక ఎర్రబడింది చూడమ్మా, నేను చెప్పలేదూ!” అన్నారు. డాక్టరు గారు వచ్చి చూసి, మాట్లాడకుండా కత్తెర తెప్పించి, అక్కడ ఒరుసుకుంటున్న చొక్కా లేబుల్‌ను కత్తిరించి పారేశారు. వాడు మిగతా గుడ్డంతా తిని ఇంకొకటి కావాలని పేచీ పెట్టాడు. దద్దుర్లు రాలేదు, వాంతి కాలేదు. అయితే ఈ పరీక్షను ఇంట్లో చేయకూడదు. ఎగ్జిమా ఉన్న పిల్లలకు హాయిగా తింటున్న పదార్థాన్ని చాలాకాలం మాన్పించి మళ్లీ పెడితే, మునుపు లేని తీవ్రమైన అలర్జీ బయటపడవచ్చు. తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు దద్దుర్లు, పెదవుల వాపు, వాంతి వస్తే అది నిజంగా చూపించుకోవలసిన విషయం. ఊపిరి ఆడకపోతే క్షణం ఆలస్యం చేయకూడదు.

పల్లీల సంగతికొస్తే, 2015లో వెలువడిన లీప్ అనే లండన్ అధ్యయనంలో, తీవ్రమైన ఎగ్జిమా గానీ గుడ్డు అలర్జీ గానీ ఉన్న పసివాళ్లలో, ఏడాది నిండకముందు నుంచే వేరుశనగ తిన్నవారికి, దూరంగా ఉంచినవారి కంటే, ఐదేళ్లకు వేరుశనగ అలర్జీ చాలా తక్కువగా కనిపించింది.

నన్నడిగితే వంటగదిని వదిలి స్నానాల గదిని సరిచేయాలి. మా వాడి దురదలో సగం పాపం సున్నిపిండిదేనని నా గట్టి నమ్మకం. పొడిబారిన చర్మాన్ని నలుగుతో రుద్దడం పుండు మీద ఇసుక రాయడమే. గోరువెచ్చని నీళ్లతో అయిదు పది నిమిషాల్లో స్నానం ముగించి, తుడవకుండా మెత్తని గుడ్డతో అద్ది, తడి ఆరకముందే వాసనలేని మాయిశ్చరైజర్‌ను ఒంటి నిండా రాయాలి. ఒళ్లంతా ఉన్న పిల్లలకు వారానికి పావుకిలో దాకా పడుతుంది, చిన్న ట్యూబులు కొంటే జేబు ఖాళీ.

మందుల షాపులో తామరకూ, గజ్జికీ, దీనికీ ఒకే ట్యూబు చేతిలో పెట్టే పద్ధతి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అలాంటివాటిలో తరచూ బలమైన స్టెరాయిడ్ ఉండి పసిచర్మాన్ని పల్చబరుస్తుంది. మరోవైపు, స్టెరాయిడ్ అనగానే భయపడి డాక్టరు రాసిన తేలికపాటి పూతను కూడా బీరువాలో దాచేసేవారున్నారు. ఎర్రబడిన చోట, చెప్పినన్ని రోజులు రాయండి. పెద్దవాళ్ల చూపుడువేలి చివరి కణుపు పొడవున పిండిన మందు, వేళ్లతో సహా పెద్దవాళ్లవే రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది.