జర్మనీలో ఉంటూ జర్మన్ నేర్చుకోవాలంటే విడిగా టైమ్ వెతుక్కోకండి

జర్మనీకి కొత్తగా వచ్చిన మనవాళ్ళు ఇల్లు దొరికాక అడిగే మొదటి సందేహం ఇదే. "ఆఫీసులో అందరూ ఇంగ్లీషే మాట్లాడుతున్నారు కదండీ, జర్మన్ అంత అవసరమా? అవసరమైతే ఉద్యోగం చేసుకుంటూ ఎప్పుడు నేర్చుకోవాలి?" అని.

అవసరమే. బ్లూ కార్డు (పెద్ద చదువులు, నైపుణ్యం ఉన్న ఉద్యోగులకిచ్చే పర్మిట్) మీద ఉన్నవాళ్ళకి ఏ1 స్థాయి, అంటే మొట్టమొదటి మెట్టు జర్మన్ ఉంటే 27 నెలలకి, బీ1, అంటే మధ్య స్థాయి ఉంటే 21 నెలలకే పర్మనెంట్ రెసిడెన్స్ తీసుకునే వీలుంది. పౌరసత్వానికీ మామూలుగా బీ1 అడుగుతారు. ఇదంతా కాగితాల సంగతి. అర్ధరాత్రి పిల్లాడికి జ్వరం కాసి 116117కి (క్లినిక్‌లు మూసి ఉన్న వేళల్లో డాక్టర్ సాయానికి ఉన్న నంబరు) ఫోన్ చేసినప్పుడు అవతలివాళ్ళకి ఇంగ్లీషు వస్తుందో రాదో అన్న టెన్షన్ లేకుండా నాలుగు ముక్కలు చెప్పగలగడం నా దృష్టిలో అంతకంటే ముఖ్యం.

ఇక టైమ్ సంగతి. వీకెండ్‌లో కూర్చుని చదువుతాం అనుకునేవాళ్ళని చాలామందిని చూశాను. ఆదివారం షాపులు ఉండవు కాబట్టి శనివారమంతా సామాన్లకీ వంటకీ పోతుంది, ఆదివారం ఇంటికి ఫోన్లు, బట్టలు ఉతకడం, పుస్తకం మాత్రం తెరిచిన పేజీ దగ్గరే ఉంటుంది. అందుకే భాషని ఇంకో పనిగా నెత్తిన పెట్టుకోకండి, ఎలాగూ రోజూ చేసే పనులకే తగిలించండి.

ఉదాహరణకి, రోజూ ఎక్కే ట్రైన్. స్టేషన్ దగ్గర పడుతుండగా అనౌన్స్‌మెంట్‌లో ముందు స్టేషన్ పేరు వస్తుంది, ఆ తర్వాత చాలాచోట్ల "ఆఉస్‌స్టీగ్ రెష్ట్స్" అనో "లింక్స్" అనో వినిపిస్తుంది, అంటే దిగే వైపు కుడా ఎడమా అని. ఇయర్‌ఫోన్స్ తీసేసి అది విని, తలుపు ఏ వైపు తెరుచుకుంటుందో ముందే అనుకోండి. సరిగ్గా విన్నారో లేదో తలుపే చెప్పేస్తుంది.

సూపర్ మార్కెట్లో కూడా ఇంతే. జర్మన్‌లో 49ని "తొమ్మిదీ నలభై" అన్నట్టు వెనకనుంచి చెప్తారు, కొత్తలో మన బుర్ర 94 దగ్గరికి పోతుంది. కౌంటర్లో అమ్మాయి మొత్తం చెప్పినప్పుడు వెంటనే స్క్రీన్ వైపు చూడకుండా, చెవికి ఎంత వినిపించిందో మనసులో అనుకుని అప్పుడు చూడండి. ఆ వెంటనే "బ్రౌఖెన్ జీ డెన్ బోన్?" అంటుంది, బిల్లు కావాలా అని. కార్డుతోనా క్యాషా, పాయింట్ల కార్డు ఉందా, బిల్లు కావాలా, రోజూ అవే మూడు నాలుగు ప్రశ్నలు. ఒక నెలలో అవి పాఠంలా కాకుండా మాటల్లా వినపడటం మొదలవుతుంది.

పోస్టు డబ్బాలో పడే ఉత్తరాల్ని మాత్రం ఫోన్‌తో ఫోటో తీసి అనువాదం చూసేసి పక్కన పడేయకండి. ముందు మీరే పెన్ను పట్టుకుని ఎవరు పంపారు, ఎంత కట్టాలి, ఏ తేదీలోపు అన్న మూడూ వెతికి గుర్తు పెట్టండి, తర్వాత ఫోన్ తీయండి. టీవీ, రేడియో చందా అని ఇంటికి నెలకి 18.36 యూరోల లెక్కన వచ్చే ఉత్తరం అందరికీ వస్తుంది, దానితోనే మొదలుపెట్టొచ్చు. ఇలాంటి అధికారిక ఉత్తరాల్లో తిరిగి తిరిగి అవే మాటలు వస్తాయి కాబట్టి పదో ఉత్తరం మొదటిదానంత కష్టపెట్టదు.

యాప్‌లు వద్దనను, కానీ ఉత్త యాప్‌తో బీ1 దాటినవాళ్ళని నేను చూడలేదు. దానికంటే జర్మనీ ప్రసార సంస్థ డాయిచె వెల్లె వాళ్ళ వెబ్‌సైట్ మేలు, ఏ1 నుంచి బీ1 దాకా వీడియో కోర్సు ఉచితం, మెల్లగా చదివే వార్తలు కూడా రాతతో సహా ఉంటాయి. పొద్దున్న టీ పెట్టుకుంటూ ఒక వార్త రాత చూడకుండా వినండి, టీ తాగుతూ రాత చూస్తూ మళ్ళీ వినండి. నామవాచకం ఏదైనా రాసుకుంటే దాని ముందు లింగాన్ని చెప్పే డెర్, డీ, డాస్‌లలో ఏది వస్తుందో తప్పకుండా రాసుకోండి, తర్వాత కలుపుకోవడం నరకం.

అసలు భయమంతా మాట్లాడటం దగ్గరే. మనం తడబడగానే వాళ్ళు మర్యాదకొద్దీ ఇంగ్లీషులోకి మారిపోతారు. అప్పుడు "ఇష్ లెర్నె డాయిచ్" (నేను జర్మన్ నేర్చుకుంటున్నాను) అని నవ్వుతూ చెప్పి జర్మన్‌లోనే కొనసాగించండి, ఎవరూ ఏమీ అనుకోరు, చాలామంది సంతోషంగా నెమ్మదిస్తారు. డాక్టర్ అపాయింట్‌మెంట్ ఫోన్‌లోనే తీసుకోండి. చెప్పాల్సిన మూడు వాక్యాలు కాగితం మీద రాసుకుని పెట్టుకుంటే చాలు.

డిపెండెంట్ వీసా మీద వచ్చి ఇంట్లో ఉంటున్న అమ్మాయిలకి (అబ్బాయిలకీ) ఒక మాట గట్టిగా చెప్పాలి. ఉద్యోగానికెళ్ళే మనిషికి భాష రాకపోయినా ఆఫీసు ఉంటుంది, మీకు అదీ ఉండదు, ఒంటరితనం ముందు మీ మీదే పడుతుంది. దాదాపు ప్రతి ఊళ్ళోనూ ఫోక్స్‌హోఖ్‌షూలె, అంటే పెద్దవాళ్ళు చదువుకునే కేంద్రం ఉంటుంది, అక్కడ తక్కువ ఫీజుకే క్లాసులుంటాయి. చాలా లైబ్రరీల్లో కాఫీ తాగుతూ జర్మన్ మాట్లాడుకునే కూటములు నడుస్తాయి, ఫీజు ఉండదు. వచ్చిన మొదటి నెలలోనే వెళ్ళండి, కొంచెం వచ్చాక వెళ్దాం అనుకోవద్దు.

పరీక్ష రాయాలనుకుంటే తేదీ ముందే బుక్ చేసుకోండి, పెద్ద ఊళ్ళలో సీట్లు త్వరగా నిండిపోతాయి. గోథె ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ బీ1 పరీక్షలో మాట్లాడే భాగం సాధారణంగా ఇద్దరిని కలిపి పెడతారు, మొదట ఇద్దరూ కలిసి ఏదో ఒకటి ప్లాన్ చేయాలి. అది ఇంట్లో మొగుడూ పెళ్ళాలో రూమ్మేట్సో రోజూ చేసేదే: శనివారం ఏం కొనాలి, ఎవరు వెళ్ళాలి, ఎన్నింటికి బయల్దేరాలి. శుక్రవారం రాత్రి ఆ పది నిమిషాలూ జర్మన్‌లో మాట్లాడుకోండి.