ఆ బ్రాకెట్లు జాగ్రత్త

అమలాపురం

అమ్మాయ్,

నీ వ్యాసం అందింది. గ్రహ నీహారికల (ముసలి నక్షత్రాలు వదిలిన వాయు మేఘాల) మధ్యలో ఉండే నక్షత్రాలను వర్ణపటం, అంటే వాటి వెలుగును రంగులుగా విడదీసిన పట్టీ, చూసి ఎలా వర్గీకరిస్తారో రాశావు. కానీ రెండో పేరాకే ఓ, ఓఎఫ్, డబ్ల్యూసీ, పీజీ 1159 అంటూ వర్గాల పేర్ల పట్టిక దించేశావు. విస్తరి వెయ్యకుండా వంటల పేర్లు చదివినట్టుంది.

ముందు ఆ నక్షత్రం కంటపడటమే ఎంత కష్టమో చెప్పు. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున కాలవగట్టు మీద మంచులో వీధిదీపం చూశావుగా? ఇక్కడైతే మంచు కూడా సొంతంగా వెలుగుతుంది! నక్షత్రపు వర్ణపటంలో హైడ్రోజన్ ఉందని చెప్పే నల్లగీత ఎక్కడుండాలో సరిగ్గా అక్కడే నీహారిక తన వెలుగుగీత పెట్టి పూడ్చేస్తుంది. పక్కనున్న నీహారిక వెలుగు కొలిచి తార వర్ణపటంలోంచి తీసేస్తారు. అది అన్నిచోట్లా ఒకేలా ఉండదు కదా, ఎక్కువ తీస్తే లేని గీత పుడుతుంది, తక్కువ తీస్తే ఉన్న గీత దొరకదు. హైడ్రోజన్ ఉందా లేదా అన్నదే మొదటి విభజన కాబట్టి, అక్కడ పొరబడితే తార వర్గమే మారిపోతుంది. నీ వ్యాసంలో దీని గురించి ఒక్క ముక్క లేదు.

హైడ్రోజన్ పోయి హీలియం, కార్బన్, ఆక్సిజన్ పైకి తేలిన తారల్లో కొన్నింటికి వెలుగుగీతలు బాగా వెడల్పుగా ఉంటాయి. వాటి నుంచి అంత వేగంగా గాలి వీస్తుంది మరి. వీటిని [డబ్ల్యూసీ] అంటారు. ఆ చదరపు బ్రాకెట్లు అలంకారం కాదు. అవి తీసేస్తే సూర్యుడికి పది, ఇరవై రెట్లు బరువుండే వుల్ఫ్-రాయె తార అవుతుంది. మన [డబ్ల్యూసీ] తార సూర్యుడి బరువులో సుమారు 0.6 వంతు. నా తొలి వ్యాసంలో కంపోజింగ్ కుర్రాడు అవి ఏరేశాడు, ప్రూఫు చూస్తూ నేనూ గమనించలేదు. అచ్చయ్యాక ఆ పత్రిక నెల రోజులు దాచుకున్నాను.

ఎత్తుగడకు ఎన్‌జీసీ 1514 అనే గ్రహ నీహారికను తీసుకో. 1790 నవంబర్ 13న ఖగోళ శాస్త్రవేత్త విలియం హెర్షెల్ దాన్ని చూసి, ఇది నక్షత్రాల గుంపు కాదు, మెరిసే ద్రవం లాంటిదేదో అనుకున్నాడు. తర్వాత మధ్యతార వర్ణపటం చూస్తే అది ‘ఏ’ (A) తరగతి తార. సుమారు పదివేల డిగ్రీల వేడి అంత నీహారికను వెలిగించలేదు. దాని వెలుగు చాటున ఇంకో మహా వేడి తార ఉందని తేలింది. అది నువ్వు ఏడో పేజీలో, అదీ ఫుట్‌నోట్‌లో పడేశావు!

తిరగరాసి పంపు. ప్రూఫు నేను చూస్తాను, బ్రాకెట్లు లెక్కపెట్టి మరీ.

నీ మాస్టారు